నిండుకున్న డబ్బాలు

వర్క్‌షాపులో అతన్ని వెంట్రుకవాసి అని పిలుస్తారు. లేత్ మీద తిరిగే కడ్డీ వెంట్రుకవాసి లావున్నా అతను ఒప్పుకోడు, సన్నబడినా ఒప్పుకోడు. ఆ పేరు పడ్డ రోజుల్లో అతనికి ఒత్తైన జుట్టు ఉండేది. తర్వాత జుట్టు పోయింది, పేరు మిగిలింది. కొత్తగా చేరినవాళ్ళు పేరు విని అతని నెత్తివైపు చూసి, నవ్వు దాచుకోవడానికి అటు తిరుగుతారు. "వెంట్రుక పోతే పోయింది, వాసి ఉంది కదా," అంటాడు అతను, పని మీంచి తల ఎత్తకుండా.

అతని భార్య ఆసుపత్రిలో ఆయా. ఎక్కువగా రాత్రి డ్యూటీలే. వార్డులో నర్సుల పక్కన నిలబడి చూసి చూసి, వాళ్ళ పని సగం ఆమె చేతికి వచ్చేసింది. చేతికి వచ్చిన పనికి ఒక కాగితం కావాలి. ఆ కాగితం కోసం ఆమె నర్సు శిక్షణకు దరఖాస్తు పెట్టింది, సీటు వచ్చింది. ఏడాది చదువు. ఆ ఏడాదంతా జీతం ఉండదు.

ఆ సంగతి ఇద్దరూ చాలా రోజులు నలిపారు. అద్దె తగ్గదు. కూతురి బడి ఫీజు తగ్గదు. కరెంటు బిల్లు ఎంత బతిమాలినా తగ్గదు. అవన్నీ గట్టి ఇనుము, కోతకు లొంగేది వంటిల్లు ఒక్కటే అని అతను తేల్చాడు.

"తిండి సంగతి నాకు వదిలెయ్," అన్నాడు. "నువ్వు పుస్తకం పట్టుకో."

ఆమె నమ్మింది. నమ్మినా, రాత్రి డ్యూటీకి వేసుకునే తెల్ల బూట్లను గుమ్మం పక్కన చెక్క అరలో, కింది వరసలో, ఎప్పటిలాగే ఉంచింది. హెడ్ నర్సు ఒక మాట చెప్పి పంపింది. జరుగుబాటు కాకపోతే రాత్రి డ్యూటీకి వచ్చెయ్, ఈ నెలాఖరు దాకా నీ చోటు ఎవరికీ ఇవ్వను అని. పగలంతా క్లాసు, రాత్రంతా వార్డు, రెండూ కలిసి నడవవని ఇంట్లో అందరికీ తెలుసు. ఆ బూట్లు మళ్ళీ వేసుకోవడమంటే పుస్తకం మూసెయ్యడమే.

ఆమె చదువు మొదలైన రోజునే ఆమె తల్లి చిన్న సంచితో వచ్చి దిగింది. బక్కపల్చటి మనిషి, గొంతు కూడా పల్చటిదే. వస్తూనే చీర కుచ్చెళ్ళు ఎగదోపి వంటింట్లోకి నడిచింది. ఇక ఆ గది ఆవిడది. తెచ్చేది అల్లుడు, వండేది అత్తగారు అని ఎవరూ అనకుండానే పంపకం జరిగిపోయింది. అతనికి అదే సబబుగా తోచింది. వర్క్‌షాపులోనూ అంతే కదా. స్టోరు వేరు, మిషను వేరు. మిషను మీద ఉన్నవాడు ఏం కావాలో చెబుతాడు, స్టోరు చూసేవాడు ఇస్తాడు. ఒకరి గదిలో ఇంకొకరు చెయ్యి పెట్టరు.

సరుకులు కొనడం అతను శ్రద్ధగా నేర్చుకున్నాడు. అంతకుముందు భార్య డ్యూటీ దిగి, ఆకలితో, నిద్ర కళ్ళతో మూల మీది పెద్ద షాపులోకి వెళ్ళేది. ఆ స్థితిలో కంటికి కనిపించిందల్లా అవసరమే అనిపించేది. అతను కడుపునిండా తిని బయల్దేరేవాడు. షాపులో చూపు ఆనే ఎత్తులో పెట్టినవి ముట్టుకోడు, వంగి కింది అరలో వెతుకుతాడు. ప్యాకెట్టు చేతిలోకి తీసుకోగానే తూకం తెలిసిపోయేది. కొన్ని ప్యాకెట్లు సైజు మారలేదు, ధర మారలేదు, లోపలి సరుకు మాత్రం చిక్కిపోయింది. అలాంటివి మెల్లగా వెనక్కి పెట్టేసి, విడిగా తూచి ఇచ్చే దుకాణానికి నడిచేవాడు.

కూరగాయలకు మాత్రం మార్కెట్టు కట్టేసే వేళకు వెళ్ళేవాడు. అప్పటికి దుకాణాలవాళ్ళు గోనెపట్టాలు దులుపుతూ ఉంటారు, మిగిలింది ఇంటికి మోసుకుపోవడం వాళ్ళకూ ఇష్టం ఉండదు. చివరి వరసలో ఒక కూరగాయలావిడ ఉండేది. మొదటి రోజు అతను ఒక్కొక్క వంకాయనీ తిప్పి తిప్పి చూస్తుంటే ఆవిడ ఓపిక పట్టి పట్టి నోరు విప్పింది.

"అంతసేపు చూస్తే దానికి సిగ్గేస్తుంది అన్నా. కొంటావా, కొలతలు తీసుకుంటావా?"

"కొలిచే కొంటాను."

"అయితే అందం చూడకు. అందమైనవన్నీ పొద్దున్నే వెళ్ళిపోయాయి. మెత్తబడ్డవి ఇవాళ వండుకో, గట్టివి రేపటికి దాచుకో. తిరగేసి చేశావనుకో, నన్ను తిట్టుకుంటావు."

అప్పటినుంచి అతను రెండు సంచులు పట్టుకెళ్ళేవాడు. ఒకటి ఇవాళ్టిది, ఒకటి రేపటిది.

సరుకులకు బయల్దేరే ముందు వంటింటి గుమ్మం దగ్గర నిలబడి, లోపలికి అడుగు పెట్టకుండా, అడిగేవాడు.

"నూనె ఎలా ఉంది అత్తయ్యా?"

"నిండుకుంది బాబూ."

"పప్పు?"

"అదీ నిండుకుంది."

అతని మనసు కుదుటపడేది. నెల మొదట్లో తెచ్చిన సరుకు ఇంకా తరగలేదంటే అత్తగారి చేతిలో ఏదో మహిమ ఉందనుకున్నాడు. వర్క్‌షాపులో టీ తాగుతూ ఆ ముక్కే చెప్పాడు. మా అత్తగారు వచ్చాక డబ్బాల్లో సరుకు తగ్గడం మానేసింది, ఎప్పుడడిగినా నిండుగానే ఉంటోంది అని. పక్క మిషను వాడు ఆవిణ్ణి ఒక్క వారం తన ఇంటికి అరువివ్వమని అడిగాడు.

కొలత తన చేత్తో తాను తీసుకుంటే తప్ప కడ్డీ మీద ఉలి ఆనించని మనిషి, ఇంటి సరుకు కొలత ఒక మాటను బట్టి తీసుకున్నాడు.

ఒక సాయంత్రం కూరగాయలావిడ అతన్ని దూరం నుంచే చెయ్యి ఊపి పిలిచింది. ఉల్లిపాయలు లారీల కొద్దీ దిగి ధర పడిపోయింది. మూట ఎత్తుకుపోతే ఇంకా తగ్గిస్తానంది. అతను గోనెలో చెయ్యి పెట్టి, అడుగు దాకా తడిమి చూశాడు. గట్టి సరుకు, తడి లేదు. ఇంట్లో అన్నీ నిండుగా ఉన్నాయి, నెలాఖరు దాకా వేరే కొనేదేమీ లేదు. జేబులో మిగిలిందంతా ఇచ్చి, మూట భుజాన వేసుకుని, మూడో అంతస్తు దాకా మెట్లెక్కాడు. ఆయాసంలో కూడా అతనికి హుషారుగానే ఉంది.

"నెల గట్టెక్కినట్టే," అన్నాడు మూట దించి.

అందరూ భోజనాలకు కూర్చున్నారు. కంచాల్లో గంజిలా పల్చటి అన్నం, పక్కన ఉప్పేసి ఉడికించిన బంగాళాదుంప ముక్కలు. కూతురు చెంచాతో గంజిని కలియతిప్పి, "నాన్నా, ఇందులో అన్నం ఎక్కడ దాక్కుంది?" అంది.

భార్య తల్లివైపు చూసింది. "ఏంటమ్మా ఈ వంట?"

"ఉన్నదాంతో చేశానే," అంది అత్తగారు, గొంతు ఇంకా తగ్గించి. "బియ్యం నిండుకున్నాయి. నూనె నిండుకుంది. పప్పు నిండుకుని కూడా చాలా రోజులైంది. అల్లుడుగారికి చెబుతూనే ఉన్నాను. చేతిలో డబ్బు ఆడటం లేదేమోనని మళ్ళీ మళ్ళీ అడగలేదు."

"నిండుకున్నాయనేగా నేను తేలేదు," అన్నాడు అతను.

ముందు అర్థమైంది భార్యకే. నవ్వడం మొదలుపెట్టింది. నవ్వుతూ కంచం పక్కకి జరిపింది, కొంగుతో కళ్ళు తుడుచుకుంది.

"ఏవండీ, నిండుకుందంటే ఖాళీ అయిందని."

"నిండుకుంటే ఖాళీ ఎలా అవుతుంది?"

"మా అమ్మ నోట అవుతుంది. వంటింట్లో నిలబడి 'లేదు' అనే మాట అనదు. అంటే నిజంగానే లేకుండా పోతుందట."

అతను చిన్నప్పటినుంచీ హాస్టళ్ళలో పెరిగినవాడు. అక్కడ కూర అయిపోతే వంటవాడు గరిటెతో గిన్నె మీద కొట్టి, అయిపోయింది పొండి అని అరిచేవాడు. భార్య కూడా ఇన్నాళ్ళూ అయిపోయిందనే అనేది, అదీ తనకి తాను చెప్పుకుంటూ షాపుకి వెళ్ళేది. లేమిని ఇంత మెల్లగా, ఇంత మర్యాదగా చెప్పే వంటింటి గుమ్మంలో అతను ముందెప్పుడూ నిలబడలేదు.

"మరి మీరు ఏం తింటున్నారు అత్తయ్యా?" అని అడిగాడు.

"నాకేం బాబూ, తింటూనే ఉన్నాను."

"అమ్మమ్మ మనందరం తిన్నాక తింటుంది," అంది కూతురు. "గిన్నె గీకుతుంది. నాకు చప్పుడు వినపడుతుంది."

భార్య నవ్వు ఆగిపోయింది. ఆమె చూపు గుమ్మం పక్కన అరవైపు వెళ్ళింది, కింది వరసలో ఆగింది. ఆ చూపు అతనికి కనబడింది.

అతను లేచి వంటింట్లోకి వెళ్ళాడు. ఆ నెలలో మొదటిసారి. డబ్బాల మూతలు ఒక్కొక్కటే తీశాడు. లోపల రేకు మెరిసింది. నూనె క్యాను వంచితే గోడలకంటిన జిడ్డు మెల్లగా జారి మూల చేరింది, అక్కడే ఆగిపోయింది.

తిరిగి వచ్చేసరికి భార్య చెప్పదలచుకున్నది సిద్ధం చేసుకుని ఉంది.

"రేపు హెడ్ నర్సుతో మాట్లాడతాను. మీ తప్పని కాదు. నా చదువు మా అమ్మ కడుపు మీద నడవకూడదు."

"జీతం వచ్చేదాకా ఆగు," అన్నాడు. జీతమూ నెలాఖరునే. "ఆ రోజు కూడా కంచంలో ఇదే ఉంటే, బూట్లు నేనే తుడిచి నీ చేతికిస్తాను."

ఆమె పక్కకి జరిపిన కంచం మళ్ళీ దగ్గరికి లాక్కుంది. ఆ రోజుకి గంజి తాగేసింది.

మర్నాడు అతనికి సెలవు. పొద్దున్నే ముందు మూట పని పట్టాడు. ఉల్లిపాయలను సంచుల్లోకి సర్దుకుని మెట్లు దిగుతూ తలుపు తలుపూ తట్టాడు. రెండో అంతస్తులో బస్సు డ్రైవరు భార్య, కింద మంగలి షాపు ఆయన, వాకిలి పక్క గదిలో కుట్టుమిషను ఆవిడ. కొన్న ధరకే ఇస్తానన్నాడు. బయటి ధర అందరికీ తెలుసు కాబట్టి ఎవరూ బేరమాడలేదు. కుట్టుమిషను ఆవిడ మాత్రం, లేత్ మాని ఉల్లి వ్యాపారంలో దిగావా అన్నయ్యా, నిన్ను చూస్తే ఏడుపొస్తోంది అని నవ్వింది. మూటలో ముప్పాతిక వంతు మెట్ల మీదే ఇల్లు మారింది. వచ్చిన డబ్బుతో బియ్యం, నూనె తెచ్చాడు. పెద్ద క్యాను కాదు, చిన్నది.

తర్వాత వంటింటి గుమ్మం దగ్గర ఆగాడు.

"లోపలికి రావచ్చా అత్తయ్యా?"

"మీ ఇల్లే కదా బాబూ."

"ఇల్లు నాదే. వంటిల్లు మీది."

ఆవిడ పక్కకు జరిగింది. అతను స్టూలెక్కి పై అరలు, వెనక అరలు, అటక, అన్నీ ఖాళీ చేసి నేల మీద పేర్చాడు. కూతురు దాన్ని దుకాణం ఆట అనుకుని మధ్యలో కూర్చుంది. కింది అరల్లో డబ్బాలు ఖాళీ అన్నది నిజమే. కానీ పై అరల్లోంచి, రబ్బరు బ్యాండ్లు చుట్టిన సగం ప్యాకెట్లు ఒక్కొక్కటే బయటికొచ్చాయి. బార్లీ. ఎండు బఠాణీలు. సేమియా ఒక చోట సగం, ఇంకో చోట సగం. శనగలు. ఒకే రకం మసాలా పొడి ఎన్నో పొట్లాలు. అలసిపోయిన మనిషి, ఇంట్లో ఏముందో గుర్తులేక, ఉన్నదాన్నే మళ్ళీ మళ్ళీ కొన్న ఆనవాళ్ళు. అత్తగారికి అంత ఎత్తుకు చెయ్యి అందదు, స్టూలెక్కితే ఆవిడకు కళ్ళు తిరుగుతాయి. అంచేత అక్కడేముందో ఆవిడకూ తెలియదు.

అతను నేలంతా కలయజూశాడు.

"మీరన్నది నిజమే అత్తయ్యా. ఇల్లు నిండుకునే ఉంది."

ఆవిడ నోటికి కొంగు అడ్డం పెట్టుకుంది. అల్లుడి ఎదుట నవ్వడం అదే మొదలు.

ఆ వారం ఇంట్లో పాత అరలే వండుకున్నారు. బఠాణీలు, శనగలు ముందురోజే నానబోయడం అతని వంతు. ఆవిడ అతనికి ఉల్లిపాయ వేయించడం నేర్పింది. ముందు చిటికెడు ఉప్పేసి, మూతపెట్టి, దాని నీళ్ళలో దాన్నే మగ్గనివ్వాలి, నూనె చివర్లో ఒక్క చెంచా చాలు, తొందరపడి మంట పెంచితే నూనె తాగేస్తుంది. అతను వింటూ, ఇది లేత్ పనే, వేగం పెంచితే ఉలి కాలుతుంది అన్నాడు. ఆవిడకు లేత్ అంటే ఏమిటో తెలియదు, అయినా తలూపింది.

అతనూ ఆవిడకు ఒకటి నేర్పాడు. వర్క్‌షాపులో మిషను పక్కన ఒక ముక్కల పెట్టె ఉంటుంది. కడ్డీ కోయగా మిగిలిన పొట్టి ముక్కలు అందులో పడేస్తారు. చిన్న పని వచ్చినప్పుడు కొత్త కడ్డీ కొయ్యకుండా ముందు ఆ పెట్టెలో వెతుకుతారు. పొయ్యి పక్కన అతను అలాంటి గిన్నె ఒకటి పెట్టాడు. క్యాబేజీ నడిమి గట్టి మొదలు, క్యారెట్ల తలలు, ఆకుకూర కాడలు, అన్నీ కడిగి అందులో వెయ్యమన్నాడు.

"చెత్తబుట్టకి పోటీ పెట్టారా బాబూ?" అంది ఆవిడ.

సాయంత్రానికి ఆ ముక్కలు ఉడికిన నీళ్ళలో బార్లీ, బఠాణీలు వేసి, వేయించిన ఉల్లిపాయలు కలిపితే గిన్నెడు చిక్కటి సూప్ అయింది. ఎండిన రొట్టె ముక్కలు పెనం మీద కాల్చి నంజుకున్నారు. అతను గిన్నె కింద పెట్టి, మొదటి గరిటె అత్తగారి కంచంలో వడ్డించాడు. మొగవాళ్ళు వడ్డిస్తే నేను తినడమేంటని ఆవిడ గునిసింది. నేను స్టోరు మనిషిని, సరుకు ఎంతుందో సరిచూసుకోనివ్వండి అని అతను కదల్లేదు. ఆ రోజునుంచి ఆవిడ వాళ్ళతోపాటే కూర్చుంది.

అన్ని పూటలూ అంత బాగా కుదరలేదు. సేమియాలో శనగలు వేసిన రోజు ఎవరూ రెండోసారి అడగలేదు. వరసగా ఉల్లిపాయలే కనబడేసరికి కూతురు బడిలో తన పక్క పిల్ల ముక్కు మూసుకుంటోందని ఫిర్యాదు చేసింది. అయినా కంచాలు నిండుగా దిగాయి, ఖాళీగా లేచాయి. భార్య పుస్తకం ముందేసుకుని తింటూ, ఎముకల పేర్లు పైకి చదువుతూ, ఏం తింటున్నదో చూసుకోకుండా రెండోసారి చెయ్యి చాపేది. ఆ చెయ్యి అతను గమనించేవాడు.

అరలు మళ్ళీ సర్దేటప్పుడు కొత్తది వెనక, పాతది ముందు పెట్టారు. అత్తగారికి అందని ఎత్తులో ఏదీ ఉంచలేదు. ఉల్లిపాయలకు గాలి తగలాలి కాబట్టి మిగిలినవాటిని చెక్కపెట్టెలో పోసి గుమ్మం పక్కన పెట్టాడు. ఇంకో సంగతి కూడా మాట్లాడుకున్నారు. ఇక మీదట అయిపోయింది అనే అంటానులే బాబూ, నా వల్ల ఇంత జరిగింది అంది ఆవిడ, ఆ మాట నోట్లోంచి రావడానికి ఇబ్బంది పడుతూ.

"మీ మాట మార్చొద్దు అత్తయ్యా," అన్నాడు. "నా చెవి మార్చుకుంటాను."

నెలాఖరున అతను జీతం తీసుకుని, రెండు సంచులతో మార్కెట్టు మీదుగా ఇంటికొచ్చాడు. మెట్ల మీదే వేగిన ఉల్లిపాయల వాసన ఎదురొచ్చింది. గుమ్మంలో చెప్పులు విప్పుతూ అరవైపు చూశాడు. కింది వరస ఖాళీ. బూట్లు లేవు.

అతను సంచులు పట్టుకుని అలాగే నిలబడ్డాడు. ఈ పాటికి ఆమె వార్డులో ఉండి ఉంటుందనుకున్నాడు. లోపల అత్తగారు గిన్నెలు కదుపుతోంది. ఆ చప్పుడు దాటుకుని మరో గొంతు వినబడింది. ఎముకల పేర్లు.

భార్య కిటికీ దగ్గర, మడిచిన కాళ్ళ మీద పుస్తకం పెట్టుకుని కూర్చుని ఉంది.

"బూట్లేవి?"

"ఇచ్చేశాను." ఆమె పేజీలో వేలు పెట్టి తలెత్తింది. "పొద్దున హెడ్ నర్సు దగ్గరికి వెళ్ళి, నా చోటు ఎవరికైనా ఇచ్చెయ్యమన్నాను. అప్పటికే ఒకమ్మాయి అక్కడ ఎదురుచూస్తోంది. ఆ పిల్లకు సరైన బూట్లు కూడా లేవు. సాయంత్రం పట్టుకెళ్ళి ఇచ్చాను. కొలిచినట్టు సరిపోయాయి."

"వెంట్రుకవాసి తేడా కూడా లేకుండా?"

ఆమె అతని నెత్తివైపు చూసింది, నవ్వింది, మళ్ళీ పుస్తకంలోకి తల దించింది.

అతను సంచులు వంటింటి గుమ్మంలో దించాడు. తిరిగి వీధి గుమ్మం దగ్గరికి వచ్చి, ఉల్లిపాయల పెట్టెను కాలితో జరిపి, బూట్లుండే అరలోకి తోశాడు. అక్కడ సరిగ్గా పట్టింది.

"బాబూ," అంది అత్తగారు పొయ్యి దగ్గర్నుంచి, వెనక్కి తిరగకుండానే. "ఉప్పు నిండుకుంది."

అతను డబ్బా మూత తీసి చూడలేదు. మేకుకు వేలాడుతున్న ఖాళీ సంచి తీసుకుని, చెప్పులు వేసుకున్నాడు.